వంతెనకు ఇవతల ఎక్కించుకున్నారా, అవతలా?

ప్రశ్న: రోడ్డు పనుల సబ్ కాంట్రాక్టు మీద కొన్నేళ్లుగా మిజోరంలోని చంఫాయ్‌లో ఉంటున్న తెలుగువాణ్ణి. 2025 జూలైలో సరిహద్దు అవతల మయన్మార్‌లోని చిన్ రాష్ట్రంలో కాల్పులు జరిగి వేలమంది ఇటు వచ్చినప్పుడు, నా పికప్ బండి తీసుకుని సరిహద్దులోని టియావ్ నది దగ్గరికి వెళ్లి ఆడవాళ్లను, పిల్లలను శిబిరానికి చేర్చాను. కాలికి దెబ్బ తగిలిన ఒక పెద్దావిడకు, ఆమె కుటుంబానికి మా సైట్ షెడ్డులో గది ఇచ్చాను. అక్టోబరులో ఆమెను వైద్యం కోసం ఐజ్వాల్ తీసుకెళుతుంటే చెక్ గేటు దగ్గర ఆపి కేసు పెట్టారు. నాకు బెయిల్ వచ్చింది. బండి మాత్రం స్టేషన్‌లోనే వానకు తడుస్తోంది. ఇన్సూరెన్స్ లేదని కోర్టు రెండు నెలల కిందట నా పిటిషన్ కొట్టేసింది. వాళ్ల బంధువు డీజిల్‌కని ఫోన్‌పేలో 6 వేలు వేశాడు తప్ప నేను పైసా ఆశించలేదు. ఆ కుటుంబానికి ఆధార్ కార్డులు చేయిస్తే కేసే ఉండదని, లేదా చర్చి వాళ్లు బండిని ముందే మాట్లాడుకున్నట్టు పాత తేదీతో ఉత్తరం తెచ్చుకోమని స్నేహితులు అంటున్నారు. ప్రాణాలు కాపాడినందుకు శిక్షా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు చేసింది మంచి పనా కాదా అన్నది మేజిస్ట్రేటు ముందున్న ప్రశ్న కాదు. మీ ఉత్తరంలో మూడు పేజీలు ఆ రాత్రి పిల్లల ఏడుపు గురించే ఉన్నాయి. కేసును తేల్చే మాట మాత్రం రాయలేదు. ‘నది దగ్గరికి వెళ్లి’ అన్నారు. నదికి ఏ వైపు? మన గట్టునున్న జోఖౌతర్ వైపు వాళ్లు నడిచి వచ్చాక ఎక్కించుకున్నారా, వంతెన దాటి మయన్మార్ గట్టునున్న ఖౌమావి వైపు వెళ్లి తెచ్చారా?

దీని మీదే అంతా ఎందుకు ఆధారపడి ఉందో చెబుతాను. భారతీయ న్యాయ సంహిత 45వ సెక్షన్ రెండో వివరణ ప్రకారం, ఒక పని జరగడానికి ముందు గానీ, జరిగే సమయంలో గానీ దాన్ని సులువు చేసేలా ఏదైనా చేస్తేనే తోడ్పడినట్టు. పాస్‌పోర్టు లేకుండా దేశంలోకి రావడం అనే నేరం, వాళ్లు నది దాటి మన గట్టు మీద కాలు పెట్టగానే పూర్తయిపోయింది. ఆ తరువాత మీరు బండి ఎక్కించుకుంటే, వాళ్ల ప్రవేశానికి తోడ్పడినట్టు కాదు. అవతలి గట్టు నుంచి తెచ్చి ఉంటే ఈ వాదన మీకు దక్కదు. అప్పుడు మిగిలేది 19వ సెక్షన్, అంటే పెద్ద హాని తప్పించడానికి దురుద్దేశం లేకుండా చేసిన పని అని చెప్పుకోవడం. కాల్పుల మధ్య నుంచి గాయపడినవాళ్లను తెచ్చినప్పుడు అది బలమైన రక్షణే, కానీ ప్రమాదం అంత దగ్గరగా ఉందని మీరే చూపించాలి.

కాబట్టి ముందు సాక్ష్యం కూడగట్టండి. ఆ రాత్రి శిబిరం నడిపిన గ్రామ కౌన్సిల్ దగ్గర, యంగ్ మిజో అసోసియేషన్ అనే స్థానిక స్వచ్ఛంద సంఘం వాళ్ల దగ్గర రాకపోకల రిజిస్టర్ ఉందేమో అడగండి. ఉంటే ఆ పేజీ నకలు, మీ బండి నంబరు, సమయంతో సహా కావాలి. మీ ఫోన్లో ఆ రాత్రి తీసిన ఫొటోలు, వాట్సాప్ మెసేజులు ఒక్కటి కూడా తీసేయకండి, ఫోన్ మార్చకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. అది లేకుండా ప్రింటవుట్ తెచ్చి ఇస్తే కోర్టు పక్కన పెడుతుంది. చెక్ గేటు సీసీ కెమెరా రికార్డు కొన్నాళ్లకు చెరిగిపోతుంది. దాన్ని, మీ కాల్ రికార్డును భద్రపరచమని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 94వ సెక్షన్ కింద ఈ వారమే దరఖాస్తు వేయించండి. ఆ పని బెయిల్ వచ్చిన మర్నాడే జరగాల్సింది. ఇన్నాళ్లు ఊరుకోవడం మీ నిర్లక్ష్యం. పోలీసులు మీ వాంగ్మూలం రాసుకుంటే దాని మీద సంతకం పెట్టనక్కర్లేదని చట్టమే చెబుతోంది. ‘నది దాటించి’ అని రాసిన కాగితం మీద ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే మీ వకీలుకు దాచకుండా చెప్పండి.

ఎఫ్ఐఆర్‌లో జూలై పనికీ, అక్టోబరు పనికీ కలిపి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టమే రాసినట్టు మీరు పంపిన నకలులో ఉంది. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2025 సెప్టెంబరు 1న. జూలైలో ఉన్నది 1946 నాటి విదేశీయుల చట్టం. రాజ్యాంగం 20(1) ప్రకారం, పని చేసిననాటికి లేని శిక్షా చట్టాన్ని వెనక్కి తిప్పి వర్తింపజేయకూడదు. దీంతో మీ జూలై ప్రయాణం కేసు లేకుండా పోదు, పాత చట్టం కింద వాళ్లు సరిచేసుకోవచ్చు. అయినా ఈ అభ్యంతరాన్ని ఇప్పుడే రికార్డులోకి ఎక్కించాలి.

అసలు చిక్కు అక్టోబరు ప్రయాణం. మయన్మార్ నుంచి వచ్చినవాళ్లకు శరణార్థి హోదా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు లేదని కేంద్ర హోం శాఖ 2021 మార్చి 10నే ఈశాన్య రాష్ట్రాలకు రాసింది. 1951 శరణార్థుల ఒప్పందంలో భారత్ చేరలేదు. కొత్త చట్టం కింద ఇచ్చిన మినహాయింపుల్లో టిబెటన్లు, శ్రీలంక తమిళులు ఉన్నారు గానీ చిన్ ప్రజలు లేరు. మిజోరం వాళ్లను ఆదుకుంటోంది, బయోమెట్రిక్ వివరాలు కూడా తీసుకుంటోంది. అయితే ఆ నమోదు కాగితం వాళ్ల ఉనికిని దాచలేదని చూపించడానికే పనికొస్తుంది, వాళ్లు ఉండటానికి అనుమతి కాదు. ఆ కుటుంబం నమోదై ఉంటే ఆ కాగితం వెంటనే తెప్పించండి.

ఇక ఆ 6 వేలు. చంఫాయ్ నుంచి ఐజ్వాల్ సుమారు 190 కిలోమీటర్లు. రానూపోనూ ఘాట్ రోడ్డులో మీ బండికి 35, 40 లీటర్లు పట్టినా మూడున్నర వేల దగ్గర ఆగుతుంది. మిగతా డబ్బు దేనికని ప్రాసిక్యూటర్ అడుగుతారు, అడిగి తీరతారు. డబ్బు తీసుకుని మనుషులను తరలించే ఏజెంటు అనిపించడానికి వాళ్లకు కావలసింది ఆ ఒక్క ఎంట్రీనే. దానికి సమాధానం మీ మాట కాదు, బిల్లులు. పెట్రోలు బంకు రసీదు, దారిలో మందులు, భోజనం కొన్న చీటీలు వెతకండి. అన్నిటికంటే విలువైనది చంఫాయ్ ఆస్పత్రి ఐజ్వాల్‌కు రాసిచ్చిన రిఫరల్ చీటీ. దాని తేదీ మీ ప్రయాణానికి ముందుదైతే, ఆ రోజు మీరు ఎందుకు బయలుదేరారో అదే చెబుతుంది. విదేశీయులకు కూడా రాజ్యాంగం 21వ అధికరణం జీవించే హక్కు ఇస్తుందని సుప్రీంకోర్టు 1996లో చక్మా శరణార్థుల కేసులో చెప్పింది. మయన్మార్ నుంచి వచ్చిన ఏడుగురు ఢిల్లీలోని ఐరాస శరణార్థి కార్యాలయానికి వెళ్లడానికి 2021 మేలో మణిపూర్ హైకోర్టు దారి ఇచ్చింది. ఆ తీర్పులకు పక్కన ఈ చీటీ ఉంటేనే బలం.

స్నేహితులు చెప్పిన రెండు మార్గాల జోలికీ పోవద్దు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టం 9వ సెక్షనే చెబుతోంది. కేసు పోకపోగా, తప్పుడు వివరాలతో కార్డులు తీయించినందుకు మరో కేసు నెత్తిన పడుతుంది. మీతో పాటు ఆ పెద్దావిడ కూడా అందులో ఇరుక్కుంటుంది. పాత తేదీ ఉత్తరం ఇంకా ప్రమాదం. ఈ రాష్ట్రంలో ఆ కుటుంబాలకు నిజంగా అన్నం పెడుతున్నది చర్చిలు, ఊరి సంఘాలే. మీ కోసం వాళ్ల చేత అబద్ధం రాయిస్తే, రేపు వాళ్లు రాసిచ్చే నిజమైన ఉత్తరాన్ని కూడా ఏ కోర్టూ నమ్మదు. జరిగింది జరిగినట్టు, ఈనాటి తేదీతో రాసివ్వమనండి, చాలు.

బండి సంగతి. వాహనాలను స్టేషన్లలో తుప్పు పట్టేలా ఉంచవద్దని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. బీఎన్ఎస్ఎస్ 497 కింద ఫొటో, వీడియో తీసి బండిని అప్పగించే ఏర్పాటూ ఉంది. ఇన్సూరెన్స్ కట్టకపోవడం మీ తప్పు, దానికి కోర్టును నిందించి లాభం లేదు. పాలసీ తీసుకుని, పరిస్థితి మారిందని చెబుతూ పూచీకత్తుతో మళ్లీ పిటిషన్ వేయండి. కొట్టేసిన ఉత్తర్వు మీద సెషన్స్ కోర్టులో రివిజన్‌కు, అంటే పై కోర్టు పునఃపరిశీలనకు, గడువు 90 రోజులు. రెండు నెలలు పోయాయి, చేతిలో ఉన్నది నెల. ఉత్తర్వు ధ్రువీకృత నకలుకు రేపే దరఖాస్తు పెట్టండి. అది చేతికొచ్చే రోజులు గడువులో లెక్కకు రావు గానీ, అందుకు దరఖాస్తు తేదీ రుజువు మీ దగ్గర ఉండాలి.

ఇక మీరిచ్చిన గది విషయం. ఆ కుటుంబం ఇంకా మీ షెడ్డులోనే ఉంటే, పేర్లు, వచ్చిన తేదీ, నమోదు వివరాలతో స్థానిక స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. విదేశీయులకు బస ఇచ్చినవాళ్లు ఆ సమాచారం ఇవ్వాలని కొత్త చట్టం 8వ సెక్షన్ అంటోంది. అద్దె తీసుకోలేదు కదా అని ఊరుకోకండి. ఆ తరువాత వాళ్లను శిబిరానికి పంపాలా, ఉంచాలా అన్నది గ్రామ కౌన్సిల్‌తో మాట్లాడి తేల్చుకోండి. ఈ కేసు నడిచినన్నాళ్లూ బయటివాళ్లు మిజోరంలో ఉండటానికి కావలసిన మీ ఇన్నర్ లైన్ పర్మిట్ గడువు మాత్రం ఒక్క రోజు కూడా దాటనివ్వకండి.