రువాండా అగ్నిపర్వతాల మీద గొరిల్లాలను చూడాలంటే యాత్రను ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ముందు పర్మిట్, ఆ తర్వాతే విమానం టికెట్. విదేశీ పర్యాటకులకు మనిషికి 1500 డాలర్లు. ఒక్కో గొరిల్లా గుంపు దగ్గరికి రోజుకు 8 మందినే పంపుతారు, అదీ గంటసేపే. 15 ఏళ్లు నిండని పిల్లలకు ప్రవేశం లేదు. ఉదయం 7 గంటలకల్లా పార్కు ప్రధాన కార్యాలయం ఉన్న కినిగిలో హాజరు కావాలి. రాజధాని కిగాలీ నుంచి దాదాపు మూడు గంటల దారి, కాబట్టి ముందురాత్రే దగ్గర్లోని ముసాంజె పట్టణంలో దిగండి.

జలుబు, దగ్గు ఉంటే ఆపేస్తారు, మన జబ్బులు గొరిల్లాలకు సోకుతాయి మరి. జూన్–సెప్టెంబరులో వానలు తక్కువే గానీ రెయిన్‌కోటు వదలొద్దు. దారిలో ఒంటికి తగిలితే మండే మొక్కలుంటాయి: మందపాటి ప్యాంటు, గ్లవ్స్ వేసుకోండి (షార్ట్స్ వేసుకొచ్చినవాళ్ల అవస్థ చూడాలి).

అగ్నిపర్వతం ఎక్కాలనుకుంటే 3711 మీటర్ల బిసోకే ఒక్కరోజులో అవుతుంది, పైన బిలంలో సరస్సు కూడా ఉంది. 4507 మీటర్ల కరిసింబికి రెండు రోజులు కావాలి.