పాకలో ఏళ్లుగా పడి ఉన్న ఎరువులు మొక్కలకు వేయొచ్చా?

విజయనగరంలో మీ తాతగారి పెరటి పాక ఖాళీ చేస్తుంటే బండలా బిగిసిన యూరియా, అర బస్తా డిఏపీ (నత్రజని, భాస్వరం ఉండే ఎరువు), ఎర్ర పొటాష్, నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19-19-19 ప్యాకెట్లు, వేపపిండి, జీవన ఎరువు సంచులు, పేరు చెరిగిపోయిన డబ్బాలో ఏవో గుళికలు బయటపడ్డాయన్నారు. మిద్దె మీద బెండ, వంగ, మందారం కుండీలకు వాడొచ్చా, పారబోయాలా అన్నది మీ ప్రశ్న. యూరియా, డిఏపీ, పొటాష్ నిక్షేపంగా వాడుకోండి. జీవన ఎరువుల మీద ఆశ వదులుకోండి. ఆ డబ్బా మూత మాత్రం తీయకండి, దాని సంగతి కింద రాస్తాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు. కొబ్బరి తోట ఉన్న ఇల్లు కాబట్టి సాలలో (పాకలో) ఏదో ఒక ఎరువు ఎప్పుడూ మిగిలి ఉంటుంది. సముద్రం దగ్గర కావడంతో గాలిలో చెమ్మ ఎక్కువ. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా సాల రేకులు లేచిపోయి బస్తాలన్నీ తడిసిపోయాయి. కింది వరసలోని యూరియా కరిగి నేలలోకి పోయింది. పొటాష్ బిగుసుకుపోయింది గానీ చాలావరకు మిగిలింది. డిఏపీ బస్తా లోపలి ప్లాస్టిక్ కవరు చిరగలేదు కాబట్టి దానికేమీ కాలేదు. ఆ పొటాష్‌నీ డిఏపీనీ తర్వాతి ఏళ్లలో కొబ్బరికీ పెరటి మొక్కలకూ వేస్తూనే వచ్చాం. కొత్త బస్తా వేసిన చెట్లకీ వీటికీ నాకైతే తేడా కనిపించలేదు.

రసాయన ఎరువుకు వయసుతో పనిలేదు, తడితోనే పని. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. పొడిగా ఉన్నంతకాలం పదేళ్లయినా అది అంతే. గాలిలో తేమ ఒక హద్దు దాటితే ఎరువు నీరు పీల్చుకోవడం మొదలుపెడుతుంది, ఆ హద్దు ఒక్కో ఎరువుకు ఒక్కోలా ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో యూరియాకు అది సుమారు 73 శాతం. డిఏపీకి 83, పొటాష్‌కు 84. వానాకాలంలో మన తీరంలో తేమ 80 దాటడం మామూలే. అందుకే ఒకే పాకలో పక్కపక్కన పెట్టినా యూరియా బండ కడుతుంది, డిఏపీ గలగలలాడుతూ ఉంటుంది. మిద్దెతోటల వాళ్లు టమాటాకు కొనే కాల్షియం నైట్రేట్‌కైతే ఆ హద్దు 47 శాతమే. ప్యాకెట్ తెరిచి వదిలేస్తే కొన్నాళ్లకు లోపల పాకంలా కారుతుంది.

యూరియా రాత్రి చెమ్మ పీల్చుకుని, పగలు ఆరి, గింజకు గింజ అతుక్కుని గట్టిపడుతుంది. లోపలి నత్రజని ఎక్కడికీ పోదు. మందపాటి సంచిలో వేసి కర్రతో కొడితే పొడి అవుతుంది. అయితే బస్తా విప్పగానే కళ్లు మండేలా అమోనియా వాసన కొట్టిందంటే మాత్రం నీళ్లూ మట్టీ కలిసి లోపల విరిగిపోతోందని అర్థం. పొడి యూరియాకు అలాంటి ఘాటు ఉండదు. అలాంటి దాన్ని కుండీల జోలికి తేకుండా బయట పెద్ద చెట్లకు పలచగా చల్లేయండి.

బస్తా ఏ కాలం నాటిదో దాని మీద రాతే చెబుతుంది. యూరియా 50 కిలోలు అని ఉంటే 2018కి ముందుది, ఆ ఏడాది నుంచే 45 కిలోల బస్తాలు వచ్చాయి. 'భారత్' యూరియా, 'భారత్' డిఏపీ అని పెద్ద అక్షరాలతో ఉంటే 2022 అక్టోబరు తర్వాతిది. వేపపూత అన్న మాటే లేకపోతే బహుశా 2015కి ముందుది. ఇవన్నీ మీ సరదాకే, వాడటానికీ మానడానికీ ఆ తేదీతో సంబంధం లేదు.

అసలు టెన్షన్ పడాల్సింది సంచిలో ఉన్నది సంచి మీద రాసిందేనా అని. మన ఇళ్లలో ఖాళీ యూరియా సంచిలో ఉప్పు నుంచి ఉలవల దాకా అన్నీ పోస్తాం. యూరియా అయితే గ్లాసు నీళ్లలో గుప్పెడు వేయగానే కరిగిపోయి గ్లాసు చల్లబడుతుంది. పెరట్లో పాత మూకుడు వేడిచేసి నాలుగు గింజలు వేస్తే మొత్తం కరిగిపోతుంది, అడుగున ఏమీ మిగలదు. ఏదైనా మిగిలిందంటే కల్తీయో, వేరే సరుకో. డిఏపీ అనుకుంటున్నది నిజానికి సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) కావచ్చు, రెండూ చూడటానికి దగ్గరగానే ఉంటాయి. కాసిన్ని గింజలకు తడి సున్నం కలిపి నలపండి, చేతికి కవరు తొడుక్కుని. ముక్కు పగిలే వాసన వస్తే డిఏపీ, రాకపోతే సూపర్. నీలం స్ఫటికాలు కనిపిస్తే అది మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్). కొబ్బరికి తెగుళ్ల మందైన బోర్డో మిశ్రమం కలపడానికి తెచ్చి ఉంటారు, అది ఎరువు కాదు.

ఇక ఆ డబ్బా. ఉత్తరాంధ్రలో వరి వేసిన ఇళ్లలో ఎరువుతోపాటే పురుగుల గుళికలూ ఉండేవి. ఫోరేట్ గుళికలు 2020 చివరి నుంచి మన దేశంలో పూర్తిగా నిషేధం. కార్బోఫ్యురాన్ గుళికలు కూడా చాలా విషం. పాతబడి రంగు పోయాక వాటిని ఎరువు గింజలనుకునే ప్రమాదం ఉంది. తినే బెండకాయకు అవి తగలకూడదు, పెరట్లో కోళ్లుంటే నాలుగు గింజలు ఏరుకున్నా పోతాయి. నేను పైన చెప్పిన పరీక్షలేవీ దాని మీద చేయకండి. వాసన కూడా చూడొద్దు. మూత తీయకుండా రెండు కవర్లలో కట్టి, పిల్లలకు అందని చోట పెట్టి, ఏం చేయాలో మీ మండల వ్యవసాయ అధికారిని అడగండి. నూతిలోనో గెడ్డలోనో (వాగులోనో) పడేస్తే చేపలతోపాటు ఆ నీళ్లు తాగే పశువులకూ ముప్పే.

19-19-19 ప్యాకెట్ పలకలా గట్టిపడినా నీళ్లలో కరిగితే చాలు. గుడ్డలో వడగట్టి, లీటరుకు 2 గ్రాముల లెక్కన పోయండి. అడుగున నీరు కారిపోయి ఉంటే లోపలి పాళ్లు మారి ఉంటాయి, అలాంటిది కొబ్బరి మొదళ్లకే. జీవన ఎరువుల్లో ఉండేది బతికున్న సూక్ష్మజీవులు. అజోస్పిరిల్లం అయినా, ఫాస్ఫరస్ బ్యాక్టీరియా అయినా, ట్రైకోడెర్మా అయినా ఆరు నెలలో ఏడాదో దాటాక చాలావరకు చచ్చిపోతాయి. కంపోస్టు గుంతలో కలిపేయండి, నష్టమేమీ లేదు. వేపపిండికి బూజు పట్టి ఉంటే ముక్కుకు గుడ్డ కట్టుకుని అదీ ఆ గుంతలోకే. చేదు తగ్గి పురుగు మీద పట్టు పోయినా ఎరువుగా పనికొస్తుంది. ఆముదం పిండి ఉంటే మాత్రం కుక్క ఉన్న ఇంట్లో వాడకండి, అది కుక్కలకు విషం. గత్తం (పశువుల ఎరువు) కూడా ఓ మూల ఉండే ఉంటుంది, మీరు దాన్ని చెత్తనుకుని రాయలేదేమో! మాగిన గత్తం దొరికితే ముందు దాన్నే కుండీల్లోకి ఎత్తుకోండి.

కుండీలకు మోతాదు విషయంలో నేను కాస్త పిసినారిని. గడ్డ పగలగొట్టిన యూరియా ఎంత దంచినా అక్కడక్కడా చిన్న ముక్కలు మిగులుతాయి. ఆ ముక్క ఒకటి కాండం పక్కన పడిందంటే వేరు మాడుతుంది, రెండు మూడు రోజుల్లో ఆకు అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. అందుకని పాత యూరియాను ఎప్పుడూ కరిగించే పోస్తాను: 5 లీటర్ల నీళ్లకు ఒక చిన్న చెంచా, అది కూడా కుండీ ముందే తడిపి ఉంచి. పొటాష్ అయితే అందులో సగం. డిఏపీ అడుగు కుండీకి పది గింజలు చాలు, అంచు వెంబడి మట్టిలోకి నొక్కాలి. ముందు ఒక్క కుండీకి పోసి వారం చూడండి. కెమికల్ అంటేనే మొహం తిప్పుకునే తోట మిత్రులు నన్ను తిడతారని తెలుసు. గత్తం దండిగా ఉంటే నేనూ ఇవి ముట్టను.

ఇంత చేసినా మీ బస్తాలు కుండీలకు ఎప్పటికీ తరగవు. ఇంటి దగ్గర కాపు కొబ్బరి ఉంటే చెట్టుకు ఏడాదికి సుమారు కిలో యూరియా, 2 కిలోల సూపర్, 2 కిలోల పొటాష్ రెండు దఫాలుగా పడుతుంది. మొదలుకు ఆనించకుండా నాలుగైదు అడుగుల దూరంలో పళ్లెం చేసి వేసి మట్టి కప్పాలి. సూపర్‌నీ యూరియానీ మాత్రం ముందే కలిపి ఉంచొద్దు, జిగట ముద్దవుతుంది. చెట్టూ లేకపోతే ఉభాలు (వరి నాట్లు) మొదలయ్యే ముందు ఏ రైతుకైనా ఇచ్చేయండి. ప్రతి ఖరీఫ్‌లో యూరియా కోసం లైన్లలో నిలబడే వాళ్లున్న జిల్లాలు మనవి, అర బస్తా ఇచ్చినా వద్దనరు.

మీ దగ్గర ఉంచుకునేది గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, చెక్క మీద, గోడకు దూరంగా పెట్టండి. పేరు, తేదీ పెయింటుతో రాయండి, మార్కరు రాత రెండు వానాకాలాలకు చెరిగిపోతుంది. పక్కన బ్లీచింగ్ పౌడర్ ఉండకూడదు, యూరియాతో కలిస్తే పేలే పదార్థం పుడుతుంది. సున్నం బస్తా కూడా ఇంకో గదిలోకి. యూరియా కలిపిన బకెట్‌ను వెంటనే కడిగి, ఆ కడుగునీళ్లను చెట్టుకు పోయండి. పశువు గానీ అందులో మూతి పెట్టిందంటే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇంటి చుట్టుపక్కల ఆవులు తిరుగుతుంటే ఈ ఒక్క పని వాయిదా వేయకండి.