తగువులో ఉన్నవాళ్ళే ఓటేస్తే ఎలా?

ప్రశ్న: గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నానండి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి గురించి భద్రతా మండలిలో తీర్మానం పెడితే రష్యానే వీటో చేసేసింది కదా, ఐదు శాశ్వత సభ్య దేశాల్లో ఒక్కటి వద్దన్నా తీర్మానం పడిపోతుందట. తగువులో ఉన్నవాళ్ళే ఓటేస్తే ఇంక న్యాయం ఎక్కడిది? ఆ రూల్ రాసినప్పుడు ఒక్కరికి కూడా ఈ డౌట్ రాలేదా?
- ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఎందుకు రాలేదండీ, అసలు చర్చలు ఆగిపోయిందే ఆ డౌట్ దగ్గర. 1944 ఆగస్టులో వాషింగ్టన్‌లో డంబార్టన్ ఓక్స్ అనే బంగ్లాలో ఐక్యరాజ్యసమితి ఎలా ఉండాలో తేల్చుకోడానికి అమెరికా, బ్రిటన్, సోవియట్ వాళ్ళు కూర్చున్నారు, చాలా విషయాలు కుదిరాయి గానీ తగువులో ఉన్న దేశం ఎంత పెద్దదైనా ఓటెయ్యకూడదు అనేసరికి సోవియట్ ప్రతినిధి గ్రొమికో ససేమిరా అన్నాడు. సెప్టెంబర్ 8న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆయన్ని వైట్ హౌస్‌కి టిఫిన్‌కి పిలిచి, మొగుడూ పెళ్ళాం గొడవపడితే ఎవరి గోడు వాళ్ళు చెప్పుకుంటారు గానీ తీర్పులో ఓటెయ్యరు కదా అని నచ్చజెప్పాడు. మన రచ్చబండ దగ్గరైనా అదే కదా పద్ధతి! గ్రొమికో మాత్రం మెత్తబడలేదు. సోవియట్ వాళ్ళకి పాత గాయం ఒకటుంది, 1939లో ఫిన్లాండ్ మీద దాడి చేసినందుకు ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి నుంచి గెంటేశారు, అది మళ్ళీ జరక్కూడదన్నది స్టాలిన్ పట్టుదల.

1945 ఫిబ్రవరిలో యాల్టాలో ఆ మూడు దేశాల నాయకులు కలిసినప్పుడు రాజీ కుదిరింది. శాంతియుతంగా పరిష్కరించుకోండి అని చెప్పే తీర్మానమైతే తగువులో ఉన్న దేశం ఓటు మానుకోవాలి, ఆంక్షలు, సైనిక చర్య దాకా వస్తే మాత్రం వెయ్యొచ్చు. ఐక్యరాజ్యసమితి నిబంధనావళి, అంటే చార్టర్, 27వ అధికరణంలో ఇది ఇప్పటికీ ఉంది, పరీక్షకి కూడా గుర్తుపెట్టుకోండి. కానీ ఏ తీర్మానం ఏ కోవలోకి వస్తుందనే దగ్గరే వాదన, అందుకే ఆ నియమం ఉన్నా లేనట్టే అయిపోయింది, నాకు బాధనిపించేది అక్కడే.

తర్వాత ఆ చార్టర్‌ని ఖాయం చెయ్యడానికి శాన్‌ఫ్రాన్సిస్కోలో 50 దేశాలు కలిశాయి. మన దేశానికింకా స్వాతంత్ర్యం రాలేదు, అయినా బ్రిటిష్ ఇండియా బృందాన్ని నడిపించి చార్టర్ మీద సంతకం పెట్టిన ఆర్కాట్ రామస్వామి ముదలియార్ మీ కర్నూల్లోనే పుట్టారు. ఆస్ట్రేలియా మంత్రి ఇవాట్ వీటోని తగ్గించాలని గట్టిగా పోరాడాడు. అమెరికా సెనేటర్ కానలీ అయితే అందరి ముందూ ముసాయిదా కాగితాలు పరపరా చింపేసి, వీటోని ఓడించామని ఇంటికెళ్ళి చెప్పుకోండి, చార్టర్‌ని చింపేశామని కూడా చెప్పండి అన్నాడు. ఆ బెదిరింపు పనిచేసింది, ఆస్ట్రేలియా సవరణకి 10 ఓట్లే వచ్చాయి, 20 వ్యతిరేకం, 15 దేశాలు తటస్థం.

అయితే ఒక్కటి మాత్రం దక్కింది. అసలు చర్చకే రాకుండా వీటో చెయ్యొచ్చని సోవియట్ వాళ్ళు పట్టుబడితే అమెరికా మాస్కోలో ఉన్న తన దూత హాప్‌కిన్స్ చేత స్టాలిన్‌తో మాట్లాడించి జూన్‌లో దాన్ని విరమింపజేసింది. అందుకే 2022 ఫిబ్రవరి 25న, ఆ నెల భద్రతా మండలి అధ్యక్ష స్థానంలో రష్యానే ఉన్నా కూడా, తీర్మానం చర్చకి రాకుండా ఆపలేకపోయింది, 11 దేశాలు చేతులెత్తాక వద్దని ఒంటరిగా చెయ్యెత్తాల్సి వచ్చింది.