హుషారుగా ఉన్న పిల్లికి ఏటా వైద్య పరీక్ష అవసరమా?

తొమ్మిదేళ్ల మీ పిల్లి బాగా తింటోంది, గడప దాటి బయటకు వెళ్లదు కాబట్టి ఏటా పశువైద్యునికి చూపించడం దండగ ఖర్చేమోనని అడిగారు. అది మానుకోదగిన ఖర్చు కాదని నా అభిప్రాయం. పిల్లులు జబ్బును పైకి కనపడనివ్వవు. వయసు మళ్లిన పిల్లులలో తరచుగా వచ్చే మూత్రపిండాల వ్యాధిలోనైతే, వాటి పనితనం సుమారు 75 శాతం దెబ్బతినే వరకు రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టి బయటకు పంపే వ్యర్థపదార్థం) స్పష్టంగా పెరగదు. అందుచేత ఒక్క రక్తపరీక్షతో సరిపెట్టక, మూత్ర సాంద్రత, రక్తపోటు కూడా చూడమని అడగండి.

మా ఇంట్లో పిల్లి నీళ్ల గిన్నెను రోజుకు రెండుసార్లు నింపవలసి వస్తున్నా, అతిదాహం ఈ వ్యాధికి గుర్తు కావచ్చని తట్టక, ఎండాకాలం కదా అని ఊరుకున్నాము. ఏటా చూపించే అలవాటు ఉండబట్టి, నిరుటి కార్డులో 4.2 కిలోలున్న బరువు 3.6కు దిగినట్లు తూకంలో బయటపడింది. రోజూ ఎత్తుకునే మా చేతులకు మాత్రం ఆ తేడా తెలియనే లేదు. వెంటనే ఆహారం మార్చాము.

రేబిస్ టీకాకు ఎలాగూ వెళతారు కనుక, ఆ రోజే బరువు, పళ్లు, చిగుళ్లు, గుండె చప్పుడు చూపించి కార్డులో రాయించండి. పిల్లి బెదరకుండా ఉండాలంటే, తీసుకువెళ్లే బుట్టను వారం ముందే హాల్లో తెరిచి ఉంచి, అందులో దాని పాత దుప్పటి పరవండి. పదేళ్లు దాటాక ఆరు నెలలకొకసారి చూపించడం మంచిది.