మోషన్ కంట్రోల్స్ నాలుగు రోజుల మోజేనా?

నింటెండో వీ, మైక్రోసాఫ్ట్ కినెక్ట్ మూలన పడ్డాయి కదా, మోషన్ కంట్రోల్స్ (చేతి, ఒంటి కదలికలతో వీడియో గేమ్ ఆడటం) ఉత్త మోజేనా అని మీ ప్రశ్న. సగం అవును. చెయ్యంతా ఊపి ఆడే పద్ధతి పోయింది. మణికట్టు కాస్త తిప్పి గురి చూసే పద్ధతి మాత్రం నిలిచింది.

2006లో వచ్చిన వీ గేమ్ కన్సోల్ 10 కోట్లకు పైగా అమ్ముడైంది. కానీ మొదటి రిమోట్‌లో కదలికను కొలిచేది వేగంలో మార్పును పట్టే యాక్సిలరోమీటర్ ఒక్కటే. అది భూమ్యాకర్షణనీ చేతి ఊపునీ కలిపే కొలుస్తుంది, ఏది ఏదో దానికి తెలీదు. అందుకే టెన్నిస్‌లో నిలబడి చెయ్యంతా తిప్పినా, సోఫాలో వాలి మణికట్టు విదిలించినా ఒకటే షాట్. ఆ కిటుకు తెలిశాక ఎవరు లేచి నిలబడతారు? ఎంత తిరిగిందో కొలిచే జైరోస్కోప్ (జైరో) ఉన్న, రిమోట్‌కి తగిలించే మోషన్‌ప్లస్ ముక్క 2009లో గానీ రాలేదు.

అన్నట్టు, టీవీ దగ్గర పెట్టే వీ ‘సెన్సార్ బార్’లో సెన్సారే లేదు. రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు ఉంటాయంతే, వాటిని చూసే కెమెరా రిమోట్‌లో ఉంటుంది. బార్ పాడైతే దాని చోట జానెడు ఎడంగా రెండు కొవ్వొత్తులు వెలిగించినా పాయింటర్ పనిచేస్తుంది. టీవీ పక్కన దీపం పెట్టినా, వెనక కిటికీలోంచి ఎండ పడినా పాయింటర్ గెంతులేసేది ఇందుకే.

కినెక్ట్ కథ వేరు. అది చేతిలో ఏమీ లేకుండానే ఒంటి కదలికల్ని చూసే కెమెరా, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ కన్సోల్‌కి తగిలించేది. 2010 నవంబర్‌లో వచ్చి 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడైంది. ఒక్కరు ఆడాలంటే సెన్సార్‌కి 6 అడుగులు, ఇద్దరైతే 8 అడుగుల దూరంలో నిలబడాలి. మామూలు అపార్ట్‌మెంట్ హాల్లో టీపాయ్ తీసేసి, సోఫా గోడకు నెట్టినా కష్టమే. పైగా బటన్లు లేవు, మరి బొమ్మను నడిపించేదెలా? కెమెరా చూసి, ఒంటి కీళ్లు ఎక్కడున్నాయో లెక్కగట్టేసరికి ఆలస్యం కూడా. డాన్స్ ఆటలు మాత్రం దాని మీద బాగా కుదిరాయి. వాటిలో తర్వాతి స్టెప్ ఏదో ఆటకు ముందే తెలుసు, కాబట్టి ఆ ఆలస్యాన్ని సర్దుకోవచ్చు. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌కి దీన్ని తప్పనిసరిగా జతచేసి 499 డాలర్లకు అమ్మారు, పక్కనే సోనీ పీఎస్4 కన్సోల్ ధర 399. మరుసటేడు జూన్‌కల్లా కినెక్ట్ లేని పెట్టె 399కి వచ్చేసింది.

చెయ్యి ఊపే ఆటలన్నిటికీ ఇంకో జబ్బుంది. తెర మీద కత్తి డాలుకు తగిలి ఆగుతుంది, మీ చెయ్యి ఆగదు. ఆ క్షణం నుంచి కత్తి ఒకచోట, చెయ్యి ఇంకోచోట. తలకు తగిలించుకునే తెరతో ఆడే వీఆర్‌లో ఈ జబ్బు పూర్తిగా పోలేదు గానీ, కళ్లకు కనిపించే చోటే చెయ్యి ఉంటుంది కాబట్టి ఓర్చుకోగలం. చేత్తో ఊపి ఆడే 2010 నాటి సోనీ ప్లేస్టేషన్ మూవ్ కర్రలకు 2016లో సోనీ వీఆర్ హెడ్‌సెట్ పీఎస్ వీఆర్‌తో రెండో బతుకు దొరికింది అలాగే.

ఇక నిలిచిన సగం, అంటే కంట్రోలర్‌లోని జైరోతో గురి చూడటం. కంట్రోలర్ మీద బొటనవేలితో తోసే స్టిక్, దృశ్యం ఎంత వేగంగా తిరగాలో చెబుతుంది; జైరో ఎంత కోణం తిరగాలో చెబుతుంది, అచ్చం మౌస్‌లాగా. 2015లో నింటెండో వారి షూటింగ్ ఆట స్ప్లటూన్ దీన్ని బాగా అలవాటు చేసింది. మొదలుపెట్టేవాళ్లు చేసే తప్పు స్టిక్‌ని పూర్తిగా వదిలేయడం. పెద్ద మలుపు స్టిక్‌తో తిప్పాలి, చివరి నాలుగైదు డిగ్రీలు జైరోతో సరిదిద్దుకోవాలి. కంట్రోలర్ 30 డిగ్రీలు తిప్పితే దృశ్యం 90 తిరిగేలా, అంటే 3 రెట్లతో మొదలుపెట్టండి. 1:1 పెడితే గురి బాగుంటుంది గానీ మణికట్టు అందదు. సెట్టింగ్స్‌లో స్మూతింగ్ (వణుకును నున్నగా చేసేది), డెడ్‌జోన్ (చిన్న కదలికల్ని పట్టించుకోని హద్దు) వీలైనంత తగ్గించండి: మొదటిది ఆలస్యం పెంచుతుంది, రెండోది చిన్న కదలికల్ని మింగేస్తుంది.

జైరో ఎప్పుడూ ఆన్‌లో ఉంటే, మౌస్ ఎత్తి పెట్టినట్టు కాసేపు ఆపడానికో, చూపు నడిమికి తేవడానికో ఒక బటన్ కావాలి. స్ప్లటూన్‌లో అది వై బటన్. చేతిలో పట్టుకుని ఆడే పీసీ అయిన స్టీమ్ డెక్‌లో కుడి స్టిక్ మీద బొటనవేలు ఆనితేనే జైరో పనిచేసేలా పెట్టుకోవచ్చు, అలవాటు పడటానికి అది తేలిక.

ఏమీ కదపకుండానే దృశ్యం పక్కకు జరుగుతోందా? ముందు జైరో ఆపి చూడండి. అయినా జరిగితే తప్పు స్టిక్‌ది. ఆగితే కాలిబ్రేట్ చేయాలి, అంటే కదలని స్థితి ఏదో జైరోకి మళ్లీ నేర్పాలి: నింటెండో స్విచ్ కన్సోల్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్, కాలిబ్రేట్ మోషన్ కంట్రోల్స్. కంట్రోలర్‌ని గట్టి బల్ల మీద పెట్టి, తెర మీద చెప్పినట్టు ప్లస్ లేదా మైనస్ నొక్కిపట్టండి. ఒళ్లోనో పరుపు మీదో పెట్టి చేస్తే ఆ చిన్న ఊగిసలాటనే అది సున్నా అనుకుంటుంది.

మామూలు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లో జైరో లేదు. పీసీ కోసం కొత్తది కొనేటట్టయితే పీఎస్5 కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్ గానీ నింటెండో స్విచ్ ప్రో కంట్రోలర్ గానీ తీసుకోండి. ఆటలో జైరో ఆప్షన్ లేకపోయినా పీసీ ఆటల స్టోర్ స్టీమ్‌లోని కంట్రోలర్ సెట్టింగ్ ‘స్టీమ్ ఇన్‌పుట్’లో జైరోని మౌస్‌గా మార్చుకోవచ్చు. కొన్ని ఆటలు మౌస్‌నీ కంట్రోలర్‌నీ ఒకేసారి ఒప్పుకోవు, తెర మీది బటన్ గుర్తులు మిణుకుమిణుకుమంటాయి. అప్పుడు మిగతా బటన్లు కూడా కీబోర్డ్ కీలకే కేటాయించండి.