లావుపాటి కలప దూలాలు మంటల్లో నిలబడతాయా?

రెండంతస్తుల భవనాన్ని లావుపాటి కలప స్తంభాలు, దూలాలతో కట్టాలని మీకు ఆశగా ఉంది. ఇంట్లోవాళ్లేమో "కర్ర కదా, నిప్పంటుకుంటే అంతా బూడిదే, ఇనుప బీములు పెట్టించు" అంటున్నారు. ఎవరి మాట నిజమని అడిగారు.

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. అగ్నిప్రమాదం జరిగిన భవనాలను పరిశీలించే పని కొన్నేళ్లు చేశాను. మొదట్లో నేనూ మీ ఇంట్లోవాళ్లలాగే అనుకునేవాణ్ని. నా అభిప్రాయం మారింది ఒక పాత గోదాములో. మంటలు ఆరిన మూడో రోజు లోపలికి వెళ్లాం. దూలాలన్నీ నల్లగా, ఎండిన చెరువు అడుగులా బీటలు వారి ఉన్నాయి. ఒక దూలం పక్కన ఉలితో గీకాను. బొగ్గు పెళ్లలు పెళ్లలుగా రాలింది. రెండు వేళ్ల మందం దాటేసరికి ఉలి గట్టిగా ఆగింది. అక్కడ సన్నటి గోధుమరంగు చార, దాని వెనక కొత్తగా కోసినట్టున్న కర్ర. చెక్క వాసన కూడా పోలేదు. పక్క గదిలో ఎప్పుడో తర్వాత బిగించిన ఇనుప బీములు మాత్రం కిందికి వంగిపోయి ఉన్నాయి.

పొయ్యిలో చితుకులు భగ్గున మండిపోతాయి, మొద్దు మాత్రం గంటల తరబడి రగులుతూనే ఉంటుంది. ఇక్కడ జరిగేదీ అదే. దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర కలప పైపొర బొగ్గవుతుంది, ఆ బొగ్గే లోపలి కర్రకు వేడి తగలకుండా అడ్డుపడుతుంది. పైన్ లాంటి మెత్తరకం కలప నిమిషానికి సుమారు 0.65 మి.మీ. చొప్పున కాలుతుందని లెక్క వేస్తాం, అంటే గంటకు దాదాపు 40 మి.మీ. మీ దూలం వెడల్పు 200 మి.మీ. అనుకోండి. గంటలో రెండు పక్కలా 40 చొప్పున పోయినా 120 మిగులుతుంది. బొగ్గు వెనకే వేడెక్కి బలం తగ్గిన పలుచటి పొరకు ఒక్కో పక్కా మరో 7 మి.మీ. తీసేస్తాం. మిగిలిన 106 మి.మీ. కర్ర బరువు మోయగలదా అన్నదే డిజైన్‌లో చూసేది. అదే 50 మి.మీ. వాసమైతే అరగంటకే 10 మి.మీ. పేడు మిగులుతుంది. అందుకే నేను కలపా కాదా అని కాదు, ఎంత లావు అని అడుగుతాను.

ఇనుము కాలదు, నిజమే. కానీ 550–600 డిగ్రీలకు చేరేసరికి దాని బలం సుమారు సగానికి పడిపోతుంది. మంటను తట్టుకునే పెయింట్ పూసో, బోర్డులు బిగించో కాపాడితే వేరే సంగతి.

ఇక నన్ను నిజంగా భయపెట్టిన విషయం. ఆ గోదాములోనే రెండు దూలాలు కింద పడి ఉన్నాయి. రెండూ నడుమ విరగలేదు. నేలమీద పడి ఉన్నా వాటి మధ్యభాగం పటిష్ఠంగానే ఉంది. ఊడింది చివర్లు. స్తంభానికి పట్టి ఉంచిన ఇనుప ప్లేటు బయటికి ఉండటంతో అది వేడెక్కి, ఆ వేడి బోల్టుల వెంట కర్ర లోపలికి పాకింది. బోల్టు రంధ్రం చుట్టూ నా బొటనవేలు పట్టేంత మేర బొగ్గే. అంత లావు కర్ర పెట్టి, జాయింట్ దగ్గర నాలుగు బోల్టులను గాలికి వదిలేశారే అని చాలా బాధేసింది. ఇప్పుడైతే ప్లేటును దూలం మధ్య చీలికలో దాచి, బోల్టు తలల మీద చెక్క బిరడాలు బిగించి, ఎన్ని నిమిషాల రక్షణ కావాలో అంత మందం కర్ర దాని చుట్టూ ఉండేలా చేస్తారు. జాయింట్ సందుల్లో మంట దూరకుండా సీల్ చేయడం కూడా అంతే ముఖ్యం.

రెండోది, మంట లోలోపలే పాకిపోయే, కంటికి కనబడని ఖాళీలు. 19వ శతాబ్దంలో అమెరికా బట్టల మిల్లులను లావు దూలాలు, మందపాటి పలకలతో కట్టేటప్పుడు బోలు గోడలు, మూసేసిన సందులు లేకుండా జాగ్రత్తపడేవారు. 2019 ఏప్రిల్ 15న పారిస్‌లోని నోత్రదామ్ చర్చి పైకప్పు కాలినప్పుడు అక్కడున్నది శతాబ్దాల నాటి ఓక్ కలపే. కానీ ఆ అటక మంటను ఆపే అడ్డుగోడలు లేని ఒకే పెద్ద ఖాళీ, మంట రాగానే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లూ లేవు. మీరు ఫాల్స్ సీలింగ్ వేయించేటట్టయితే దాని పైభాగంలో మంట ఎక్కడ ఆగుతుందో ముందే అడగండి. పైపులకు, వైర్లకు దూలాల్లో ఇష్టమొచ్చినట్టు రంధ్రాలు వేయనివ్వకండి.

కట్టే సమయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అప్పటికి స్ప్రింక్లర్లు ఉండవు, తలుపులు ఉండవు, చెక్కపొట్టు ఎక్కడపడితే అక్కడే ఉంటుంది. వెల్డింగ్ చేసిన రోజు పని ముగిశాక కూడా కనీసం ఒక గంట మనిషిని కాపలా ఉంచండి.

డ్రాయింగులు చేతికి రాగానే ముందు జాయింట్ల షీట్ తెరవండి. లోహం ఎక్కడ బయటికి కనబడుతోందో అక్కడల్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఇది ఎన్ని నిమిషాలు ఆగుతుంది?" అని మీ ఇంజనీరును ఒక్కొక్కదాని గురించీ అడగండి.