ఎలక్ట్రిక్ స్కూటర్ కొనాలా, పెట్రోల్ స్కూటరా?

హైదరాబాద్‌లో రోజూ 30 కిలోమీటర్లు తిరిగే నాకు ఏది మేలు అని అడిగారు. బండి ధర కన్నా ముందు మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ ఉందో లేదో చూసుకోండి. మీ మీటర్ నుంచి వైరు లాగడానికి అసోసియేషన్ ఒప్పుకుంటే సగం టెన్షన్ పోయినట్టే. ఒప్పుకోకపోతే మాత్రం పెట్రోల్ బండే నయం. రోజూ ఛార్జింగ్ స్టేషన్ దగ్గర పడిగాపులు కాయడం ఎవరివల్లా కాదు.

ఖర్చులో పోలికే లేదు. 100 కిలోమీటర్లకు పెట్రోల్ స్కూటర్ సుమారు 2 లీటర్లు తాగుతుంది, అంటే 200 రూపాయలు దాటినట్టే. అదే దూరానికి ఎలక్ట్రిక్ బండికి మూడు నాలుగు యూనిట్లు చాలు, ఇంటి కరెంటు మీద 40 రూపాయల లోపే. పైగా సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు పెట్రోల్ ఇంజిన్ ఊరికే తాగుతూనే ఉంటుంది, మోటారుకు ఆ బాధ లేదు. ఇంజిన్ ఆయిల్ మార్చే పనీ ఉండదు. తెలంగాణలో 2026 చివరి దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు కూడా ఉంది.

అసలు భయం బ్యాటరీదే. వారంటీ అయ్యాక మార్చాల్సి వస్తే వేలల్లో వదులుతుంది, అందుకే సెకండ్ హ్యాండ్‌లో ధర బాగా పడిపోతుంది. వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లకో కాగితం మీద చదివాకే డబ్బు కట్టండి. మే నెల ఎండలో తిరిగొచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, బ్యాటరీ కాసేపు చల్లారనివ్వండి.

నెలకోసారి బండి మీదే ఊరెళ్లే అలవాటుంటే పెట్రోల్ తీసుకోండి.